నోరు తెరిచిన కోడి ఏమంటోంది?

ఎండాకాలం మధ్యాహ్నం. వంటిల్లు సర్దుకుని, అంట్లు బోర్లించి, వసారాలో ఓ పది నిమిషాలు నడుం వాలుద్దామనుకునే వేళ పెరట్లోకి ఒకసారి చూడండి. నీడపట్టున నిలబడ్డ కోడి నోరు తెరుచుకుని ఉంటుంది. రెక్కలు రెండూ ఒంటికి అంటకుండా కిందికి వేలాడేసి ఉంటుంది. గొంతు కింద చర్మం టపటపా కొట్టుకుంటూ ఉంటుంది. "పాపం, దాహమేస్తోంది కాబోలు" అని నీళ్ళు పెడతాం. నాలుగు గుక్కలు తాగి, మళ్ళీ నోరు తెరుచుకుని అలాగే నిలబడుతుంది. "సరేలే, కోడికేం తెలుసు" అనుకుని మనం లోపలికి వచ్చేస్తాం.

నేనూ చాలా ఏళ్ళు అలాగే లోపలికి వచ్చేసినదాన్నే. ఆ తెరిచిన నోరు ఏమంటోందో నాకు తెలిసొచ్చేసరికి మా ఇంట్లో ఐదు కోళ్ళు పోయాయి. అవి రోగం వచ్చి పోలేదు. పిల్లీ కుక్కా పట్టుకుపోలేదు. నేను తీసుకున్న జాగ్రత్తే వాటిని చంపింది. చెప్పుకోవడానికి సిగ్గే. అయినా మీలో ఏ ఒక్కరికైనా పనికొస్తుందని చెబుతున్నాను.

ఆ రోహిణి కార్తె

మాది పల్నాడు. కోడిపందెంతో యుద్ధం రాజుకుందని కథలు చెప్పుకునే నేల! సున్నపురాళ్ళ భూమి కావడాన ఎండాకాలం వచ్చిందంటే పైన సూర్యుడూ, కింద రాయీ రెండువైపులా కాలుస్తాయి. ఎండల వార్తల్లో తరచూ వినబడే రెంటచింతల మా వైపుదే.

2015 మే నెలాఖరు సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అప్పుడు వీచిన వడగాడ్పులకు ఆంధ్రాలోనూ, తెలంగాణలోనూ మనుషులే వందల సంఖ్యలో పోయారు. సరిగ్గా ఆ వారంలోనే నరసరావుపేటలో మా దగ్గరి బంధువుల పెళ్ళి. పొద్దున్నే వెళ్ళి సాయంత్రానికల్లా వచ్చేయాలి.

అప్పటికి నాకు ఏడు పెట్టలున్నాయి. అన్నీ నాటువే. మా అత్తయ్య కాపురానికొచ్చిన కొత్తల్లో ఆవిడ పుట్టింటివాళ్ళు గంపలో పెట్టిచ్చిన ఒక్క పెట్ట సంతతి అవి. గుడ్లు అమ్మగా వచ్చిన డబ్బులు పోపుల డబ్బాలో వేసి మా అమ్మాయి ట్యూషన్ ఫీజు కట్టేదాన్ని. ఆ వారంలోనే ఓ ముంగిస మా దొడ్లోంచి రెండు పిల్లల్ని ఎత్తుకుపోయింది. ఇంట్లో ఎవరూ లేకపోతే పెద్దవాటిని కూడా వదలదేమోనని భయం వేసింది.

దొడ్లో సిమెంటు రేకుల కొట్టం ఒకటుంది. అందులో కోళ్ళను పెట్టి తలుపేశాను. కిటికీకి చెక్క అడ్డం పెట్టాను. చల్లగా ఉంటుందని తలుపుకీ, గోడలకీ లోపలివైపు తడిపిన గోనె సంచులు వేలాడదీశాను. పెద్ద బేసిన్ నిండా నీళ్ళు పెట్టాను. ఏడింటిలో రెండు మాత్రం ఎంత తరిమినా చేతికి దొరకలేదు. బస్సు టైమైపోతోందని వాటిని వదిలేసి వెళ్ళిపోయాను. బస్సులో కూర్చుని, ఎంత జాగ్రత్త చేశానో అని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా!

సాయంత్రం ఆరింటికి వచ్చి తలుపు తీస్తే, అన్నం వార్చిన గిన్నె మూత తీసినప్పుడు మొహానికి ఆవిరి కొట్టినట్టు కొట్టింది. నాలుగు కోళ్ళు మెడలు చాచి పడి ఉన్నాయి. ఐదోది కొన ఊపిరితో ఉంది. గబగబా దాని నోట్లో నీళ్ళు పోశాను. అది ఒక్కసారి ఉక్కిరిబిక్కిరై తల వాల్చేసింది. బేసిన్‌లో నీళ్ళు సగానికి పైగా అలాగే ఉన్నాయి. చెయ్యి పెడితే స్నానానికి కాచినట్టున్నాయి.

మరి బయట వదిలేసిన ఆ రెండూ? గోలెం వెనకాల, కరివేపాకు చెట్టు మొదట్లో నేల ఎప్పుడూ చెమ్మగా ఉంటుంది. అక్కడ గోళ్ళతో గుంత తవ్వుకుని, పొట్ట తడిమట్టికి ఆనించి పడుకుని ఉన్నాయి. నన్ను చూసి లేచి ఒళ్ళు దులుపుకుని వచ్చాయి.

మా అత్తయ్య నన్ను తిట్టలేదు. చచ్చిన కోళ్ళ వంక కాసేపు చూసి, "నీళ్ళు పెట్టావు, తడి పెట్టావు, తలుపూ పెట్టావు. గాలి ఒక్కటే పెట్టలేదు అమ్మాయ్" అంది. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదేమో.

రెండు రోజుల తరవాత పక్కింటివాళ్ళ గేదెకు సూది వేయడానికి పశువుల డాక్టరు గారు వచ్చారు. ఉండబట్టలేక అడిగేశాను. ఆయన ఓపిగ్గా అరుగు మీద కూర్చుని చెప్పారు. నేను ఇంటర్లో బైపీసీ చదివినదాన్నే. చదివిన చదువు ఇంటి దొడ్లోకి వచ్చి కూర్చుంటే ఎలా ఉంటుందో ఆరోజు తెలిసింది. అప్పటి నుంచీ కోళ్ళ గురించి ఎక్కడ ఏది కనబడినా చదువుతూనే ఉన్నాను.

చెమట పట్టని ఒళ్ళు

అన్నిటికంటే ముందు తెలుసుకోవలసిన సంగతి, కోడికి చెమట పట్టదు. దాని చర్మంలో మనకున్నలాంటి చెమట గ్రంథులే లేవు. పైగా ఒళ్ళంతా ఈకల దుప్పటి. రోహిణి కార్తెలో దుప్పటి కప్పుకుని, చెమట పట్టకుండా పొయ్యి దగ్గర కూర్చున్నట్టు ఊహించుకోండి. కోడి పరిస్థితి అదీ!

మన ఒంటి వేడి 37 డిగ్రీలైతే, కోడి ఒంటి వేడి మామూలుగానే 41, 42 డిగ్రీల దాకా ఉంటుంది. మనకు అంత ఉంటే ఇంట్లోవాళ్ళు కంగారుపడి ఆస్పత్రికి పరిగెడతారు. కోడికి అది ఆరోగ్యమే. కానీ అక్కణ్ణించి ఇంకో నాలుగైదు డిగ్రీలు పెరిగి 46, 47కి చేరిందంటే ప్రాణం నిలవదు. అంటే మామూలు వేడికీ, చావుకీ మధ్య దానికున్న జాగా ఆ నాలుగైదు డిగ్రీలే.

అందుకని ఎండ మొదలవగానే కోడి ఒక్కొక్క ఉపాయమే బయటికి తీస్తుంది. రెక్కల కింద ఈకలు పలచగా ఉంటాయి కాబట్టి రెక్కలు విడదీసి అక్కడ గాలి తగలనిస్తుంది. ఒంటి మీద ఈకల్ని అణిచి పెట్టుకుంటుంది. చలికాలంలో బంతిలా ఉబ్బే కోడి, ఎండాకాలంలో సన్నబడ్డట్టు కనబడేది అందుకే. తల మీద ఎర్రటి జుట్టూ, గడ్డం కింద వేలాడే ఎర్రటి తోళ్ళూ అందం కోసమే అనుకుంటాం. వాటిలో నిండా రక్తనాళాలే. వేడి ఎక్కువైతే ఆ నాళాలు వెడల్పవుతాయి. లోపలి వేడి రక్తం అక్కడిదాకా వచ్చి, గాలి తగిలి కాస్త చల్లబడి వెనక్కి వెళుతుంది. ఈకలు లేని కాళ్ళు కూడా ఇదే పని చేస్తాయి.

తిండి కూడా తగ్గించేస్తుంది. తిన్నది అరిగేటప్పుడు ఒంట్లో వేడి పుడుతుంది కదా! మనం ఎండలో పులిహోర పక్కన పెట్టి మజ్జిగన్నం కలుపుకున్నట్టే, అది జొన్నలు వదిలేసి నీళ్ళ దగ్గరికి పోతుంది. "మేత ముట్టడం లేదు, జబ్బేమో" అని మనం బెంగ పడతాం. ఆ వేళప్పుడు అది కావాలనే మానేసింది.

అయితే ఒక్క చిక్కుంది. రెక్కలు విప్పడం, జుట్టులోకి రక్తం పంపడం లాంటివన్నీ బయటి గాలి కోడి ఒంటికన్నా చల్లగా ఉన్నంతసేపే పనిచేస్తాయి. బయట 43, 44 డిగ్రీలుంటే గాలే కోడికన్నా వేడి. ఇక ఒంట్లోంచి బయటికి పోవలసిన వేడి, బయటి నుంచి లోపలికి రావడం మొదలవుతుంది. అప్పుడు దానికి మిగిలేది ఒకే ఒక్క దారి. ఊపిరి!

కుండ చెప్పే పాఠం

మట్టి కుండలో నీళ్ళు ఎందుకు చల్లబడతాయో మనకు తెలుసు. కుండ గోడలోంచి చెమ్మ బయటికి ఊరి ఆవిరవుతూ, వెళ్తూ వెళ్తూ లోపలి వేడిని పట్టుకుపోతుంది. కోడి ఊపిరీ అంతే. నోరు, గొంతు, ఊపిరితిత్తులు, వాటికి అంటుకుని ఉండే పలచటి గాలి సంచులు, ఇవన్నీ లోపల చెమ్మగా ఉంటాయి. ఆ చెమ్మ మీదుగా గాలి గబగబా ఆడితే నీరు ఆవిరై వేడిని తీసుకుపోతుంది. మామూలుగా నిమిషానికి 25, 30 సార్లు ఊపిరి పీల్చే కోడి, ఎండ ముదిరితే 150 సార్లు దాటి రొప్పుతుంది. గొంతు చర్మం టపటపలాడేది కూడా అక్కడి చెమ్మ ఆరడానికే.

కాబట్టి కోడి నోరు తెరిచిందంటే దాహమని మాత్రమే కాదు అర్థం. "నా ఒంట్లో వేడి బయటికి పోవడానికి ఈ ఒక్క కిటికీయే మిగిలింది" అని అర్థం.

ఇప్పుడు కుండ సంగతికే మళ్ళీ రండి. ముసురు పట్టిన రోజున కుండ నీళ్ళు ఎందుకు చల్లబడవు? గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటుంది కాబట్టి కుండ చెమ్మ ఆవిరి కాదు. మూసిన కొట్టంలో నేను చేసిన పని సరిగ్గా అదే! తడి గోనెల్లోంచి లేచిన ఆవిరీ, ఐదు కోళ్ళు వదిలిన ఊపిరిలో ఆవిరీ కలిసి కొట్టం నిండిపోయింది. అవి నిమిషానికి ఎన్నిసార్లు రొప్పినా చెమ్మ ఆరలేదు. పైగా రొప్పడమంటే కండరాల పనే. పని చేస్తే ఒళ్ళు ఇంకా వేడెక్కుతుంది. ఎంత రొప్పితే అంత నష్టం.

తడి గోనె చెడ్డదని కాదండోయ్. అదే గోనె, గాలి ఆడే పందిరికి కట్టి ఉంటే మంచే చేసేది. పౌల్ట్రీ ఫారాల్లో పొగలాగా నీళ్ళు చిమ్మే గొట్టాలు పెట్టినా, పక్కనే పెద్ద పెద్ద ఫ్యాన్లు తిప్పేది అందుకే. గాలి లేని తడి కోడికి శత్రువు. కోస్తా ఊళ్ళల్లో ఉక్కపోత రోజున, ఎండ కాస్త తక్కువగా ఉన్నా కోళ్ళు ఎక్కువ ఇబ్బంది పడేది కూడా ఇందుకే.

ముందు ఖర్చు, వెనక పొదుపు

ఊపిరితో ఇంత నీరు పోతూ ఉంటే కోడి ఎండిపోదా? ఇక్కడే దాని సంసారం చూసి నాకు ముచ్చటేసింది.

మా ఊళ్ళో ఎండాకాలం కుళాయి రోజు విడిచి రోజు వస్తుంది. బియ్యం కడిగిన నీళ్ళు గేదె కుడితిలోకి పోతాయి. కూరలు కడిగిన నీళ్ళు కరివేపాకు చెట్టుకి. బట్టలు జాడించిన నీళ్ళు వాకిలి కడగడానికి. ఒక్కో బిందెనూ రెండు పనులకు వాడితే తప్ప తాగడానికి మిగలవు. మీరూ ఇలాగే గడుపుకొస్తూ ఉంటారు. కోడి చేసేదీ ఇదే. నోటి దగ్గర ఖర్చు పెట్టక తప్పదు కాబట్టి, వెనకవైపు పొదుపు చేస్తుంది.

మనం తిన్న మాంసకృత్తుల్లో మిగిలిన చెత్తను మన ఒళ్ళు యూరియాగా మార్చి మూత్రంలో పంపుతుంది. యూరియా పోవాలంటే దాన్ని కరిగించడానికి బోలెడు నీళ్ళు కావాలి. కోడి ఆ చెత్తను యూరిక్ యాసిడ్‌గా మారుస్తుంది. ఇది నీళ్ళలో సరిగ్గా కరగదు. అందుకని చాలా తక్కువ నీళ్ళతోనే తెల్లటి ముద్దలా బయటికి పోతుంది. కోడి రెట్ట మీద సున్నం బొట్టు పెట్టినట్టు తెల్లగా కనబడుతుందే, అదే కోడి మూత్రం! పొద్దున్నే వాకిలి ఊడుస్తూ ఇన్నేళ్ళు విసుక్కున్నాను. అందులో ఇంత కథ ఉందనుకోలేదు.

ఈసారి ఇంట్లో కోడిని శుభ్రం చేసేటప్పుడు గమనించండి. వెన్నెముకకు రెండు పక్కలా గుంటల్లో అతుక్కుని ముదురు ఎరుపు రంగు ముక్కలుంటాయి. అవే మూత్రపిండాలు. ఎంత వెతికినా మూత్రాశయం మాత్రం కనబడదు. ఎందుకంటే లేదు కనక! మూత్రపిండాల నుంచి వచ్చింది తిన్నగా వెనక ఉండే ఒకే దారిలోకి చేరుతుంది. మలానికీ, మూత్రానికీ, గుడ్డుకీ అదే దారి.

ఇంకా విచిత్రం వినండి. అలా చేరిన మూత్రం వెంటనే బయటికి పోదు. పేగు దాన్ని వెనక్కి, అంటే లోపలివైపుకి నెట్టుకుంటుంది. పేగు చివర రెండు మూసుకుపోయిన సంచుల్లాంటి గొట్టాలుంటాయి. అక్కడిదాకా వెళ్ళిన మూత్రంలోంచి నీటినీ, ఉప్పునూ ఒళ్ళు మళ్ళీ పీల్చుకుంటుంది. మిగిలిన ముద్దే బయటికి వస్తుంది. బియ్యం కడిగిన నీళ్ళు గేదెకు పోసినట్టు, ఒకసారి వాడిన నీటిని రెండోసారి వాడుకోవడమన్నమాట.

నిజానికి మూత్రాన్ని చిక్కబరచడంలో కోడి మూత్రపిండం మనదానికన్నా తక్కువదే. మనది అవసరమైతే రక్తంకన్నా నాలుగు రెట్లు చిక్కటి మూత్రం చేయగలదు. కోడిది రెండు రెట్లు చేయడమే గగనం. అయినా యూరిక్ యాసిడ్, ఆ పేగు పొదుపు కలిసి ఆ లోటు తీరుస్తాయి. పుట్టుకతో చేతిలో పెద్ద ఆస్తి లేకపోయినా ఉన్నదాంతో గుట్టుగా నెట్టుకొచ్చే ఇల్లాలి లాంటిది.

ఈ పద్ధతి గుడ్డులో ఉన్నప్పుడే మొదలవుతుంది. 21 రోజులు పెంకులో ఉండే పిల్ల తన చెత్తను బయటికి పారేయలేదు. నీళ్ళలో కరిగే చెత్తయితే అందులోనే మునిగి చచ్చేది. కరగని తెల్లటి పొడిలా ఓ పక్క సంచిలో దాచుకుంటుంది. పిల్ల బయటికొచ్చాక పెంకు లోపల తెల్లటి మరకలు కనబడేది అందుకే.

ఇంత పొదుపు చేసినా ఖర్చు ఖర్చే. చల్లటి రోజుల్లో పావు లీటరు దాకా నీళ్ళు తాగే గుడ్ల కోడి, ఎండల్లో అందుకు రెట్టింపు తాగుతుంది. గుడ్డు లోపలి సొనలో మూడొంతులు నీరే. అంటే మనకు ఒక నాటు గుడ్డు ఇచ్చిన రోజు, దాని ఒంట్లోంచి రెండు పెద్ద చెంచాల నీళ్ళు కూడా మనకే ఇచ్చిందన్నమాట!

ఎండాకాలం రెట్ట పలచగా పడితే వెంటనే రోగమని కంగారు పడకండి. ఎక్కువ నీళ్ళు తాగినా అలాగే పడుతుంది. కోడి హుషారుగా తిరుగుతూ, పొద్దునా సాయంత్రం మేత తింటూ ఉంటే భయం లేదు. ముడుచుకుని కూర్చున్నా, రెట్ట ఆకుపచ్చగానో రక్తంతోనో పడినా డాక్టరుకు చూపించండి.

పెంకు పలచబడితే కోడిని తిట్టకండి

"ఎండాకాలం గుడ్లు చేత్తో పట్టుకుంటే చిట్లిపోతున్నాయి" అని మనలో చాలామంది అంటుంటారు. దానికీ ఆ రొప్పుడే కారణం. ఊపిరి అంత గబగబా వదులుతుంటే రక్తంలోని బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా బయటికి పోతుంది. పెంకు తయారయ్యేది కాల్షియం కార్బొనేట్‌తో, అంటే సున్నపురాయిలో ఉండే పదార్థంతోనే. అందులో కార్బొనేట్ అన్న భాగం ఆ వాయువు నుంచి రావలసిందే. గోడ కట్టేవాడికి ఇసుక ఉండి సిమెంటు తక్కువైనట్టు అవుతుంది. పైగా మేత తగ్గించింది కాబట్టి కాల్షియం కూడా తక్కువే అందుతుంది. అందుకే పెంకు పలచన. ప్రాణం నిలబెట్టుకోవడానికి కోడి పెంకు మందం తగ్గించుకుంది. తప్పు దానిది కాదు.

అలవాటు పడే వ్యవధి ఇవ్వాలి

మన కోడికి ముత్తవ్వ అడవికోడి. వేడి దేశాల అడవుల్లో, చెట్ల నీడల్లో తిరిగిన పక్షి. నీడ, గాలి, నేల ఉంటే ఎండను తట్టుకునే నేర్పు దాని రక్తంలోనే ఉంది. ఎండ మెల్లమెల్లగా పెరిగితే సుమారు వారం రోజుల్లో ఒళ్ళు సర్దుకుంటుంది. నీళ్ళు ఎక్కువ తాగడం, తిండి తగ్గించుకోవడం, ఒంట్లో పుట్టే వేడిని తగ్గించుకోవడం నేర్చుకుంటుంది. హఠాత్తుగా రెండు రోజుల్లో ఎండ పెరిగితేనే ప్రమాదం. మొదటి వడగాడ్పుకే ఎక్కువ కోళ్ళు పోయేది అందుకే.

జాతిని బట్టి కూడా తేడా ఉంది. ఆరు వారాల్లోనే రెండు కిలోలకు పెరిగే బాయిలర్ కోడికి మాంసం ఎక్కువ, ఒంట్లో పుట్టే వేడీ ఎక్కువ. ఎండకు ముందు వాలిపోయేది అదే. నాటుకోడి తేలికగా ఉంటుంది, తట్టుకుంటుంది. మెడ మీద ఈకలుండని కోళ్ళను మీరు చూసే ఉంటారు. చూడటానికి బాగోకపోయినా, ఒంటి మీద ఈకలు తక్కువ కావడాన ఎండల్లో అవే సుఖంగా ఉంటాయి. పెరట్లో పెంచుకోవడానికని హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థవాళ్ళు వనరాజా, గ్రామప్రియ అనే రకాలు తయారుచేశారు. ఏ రకమైనా సరే, నీడా గాలీ లేకుండా ఎండను గెలిచే కోడి మాత్రం లేదు.

ఇలా చేసి చూడండి

* కోళ్ళను పగలు మూసిన గదిలో పెట్టకండి. ముంగిస, కుక్కల భయం ఉంటే తలుపుకూ, కిటికీకీ ఇనప జాలీ కొట్టించండి. గంప కింద మూయాల్సి వస్తే వెదురు గంపే వాడండి. చెట్టు నీడనే పెట్టండి. పైన బట్ట కప్పకండి.

* రేకుల కొట్టమైతే పైన తాటాకో, వరిగడ్డో పరిచి తడపండి. రేకుల పైవైపు తెల్ల సున్నం వేసినా మేలే. తడి కప్పు మీద ఉండాలి గాని లోపల కాదు.

* నీళ్ళు మట్టి మూకుళ్ళలో పోసి నీడలో, రెండు మూడు చోట్ల పెట్టండి. ప్లాస్టిక్ టబ్బులో ఎండకు కాగిన నీళ్ళు కోడి సరిగ్గా తాగదు. పదకొండు నుంచి నాలుగు లోపల రెండుసార్లయినా మార్చండి. చిన్నపిల్లలుంటే పళ్ళెంలో నాలుగు గులకరాళ్ళు వేయండి, మునిగిపోకుండా ఉంటాయి.

* మేత తెల్లవారకముందే వేయండి. మళ్ళీ చల్లబడ్డాక సాయంత్రం వేయండి. తిన్న తరవాత కొన్ని గంటలకు అరుగుదల వేడి ఎక్కువవుతుంది. పదింటికి మేత వేస్తే ఆ వేడి, నడినెత్తి ఎండ రెండూ ఒక్కసారే కలుస్తాయి.

* గుడ్లు పెట్టే కోళ్ళకు ఆల్చిప్పల పొడి విడిగా ఓ చిప్పలో పెట్టండి. కావలసినంత అవే తింటాయి.

* చెట్టు మొదట్లో రోజూ నాలుగు చెంబులు నీళ్ళు పోసి నేలను చెమ్మగా ఉంచండి. గుంత అవే తవ్వుకుంటాయి. "మొక్కల మొదళ్ళు పాడుచేస్తున్నాయి" అని ఆ రెండు నెలలూ తరమకండి.

* మిట్టమధ్యాహ్నం కోళ్ళను పట్టుకోవడం, తరమడం, బుట్టలో పెట్టి ప్రయాణాలు చేయించడం వద్దు. కంగారుకు ఒళ్ళు ఇంకా వేడెక్కుతుంది.

* ఎండలు పెరుగుతున్నాయని వార్తల్లో వినగానే, పశువుల ఆస్పత్రిలో అడిగి ఎలక్ట్రోలైట్ పొడి తెచ్చుకోండి. వాళ్ళు చెప్పిన కొలతలోనే నీళ్ళలో కలిపి పెట్టండి. ఆ నీళ్ళ పక్కనే మామూలు నీళ్ళూ ఉండాలి.

* కోడి సొమ్మసిల్లితే వెంటనే గాలి ఆడే నీడలోకి తీసుకురండి. కాళ్ళు చల్లటి నీళ్ళలో ముంచండి. జుట్టు మీదా, రెక్కల కిందా తడిచేత్తో రాసి విసనకర్రతో విసరండి. ఐసు నీళ్ళు వద్దు. తల నిలపలేని కోడి నోట్లో నీళ్ళు అస్సలు పోయకండి. అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నా ఐదో కోడికి నేను చేసింది అదే. తల ఎత్తి తనంతట తాను ముక్కు ముంచితేనే తాగించండి.

చివరిగా ఒక్క మాట

ఆ రోజు చేతికి దొరక్కుండా పరిగెత్తిన రెండు పెట్టల్లో ఒకటి ఆ వానాకాలం పొదిగింది. పదకొండు గుడ్లలో తొమ్మిది పిల్లలయ్యాయి. ఇప్పుడు మా దొడ్లో తిరిగే పద్నాలుగు కోళ్ళూ ఆ రెండింటి సంతతే. మా అత్తయ్య పుట్టింటి గంప ఖాళీ కాకుండా నిలిచింది. అది నా గొప్ప కాదు, నా మాట వినని ఆ కోళ్ళ గొప్ప.

రేకుల కొట్టం తలుపు అప్పుడే తీయించేశాను. ఇప్పుడక్కడ జాలీ తలుపుంది. గోలెం వెనకాల చెమ్మ నేలలో గుంతలు రోజుకొకటి పెరుగుతున్నాయి. కరివేపాకు చెట్టు కాస్త వంగిపోయింది. పోనీలెండి.

మీ పెరట్లో కోళ్ళు లేకపోవచ్చు. అయినా ఎండాకాలంలో చికెన్ కొట్టు ముందు ఎండలో పెట్టిన ఇరుకు బోనులో తెల్లకోళ్ళు నోళ్ళు తెరిచి కనబడితే, ఆ కొట్టతనితో ఒక్క మాట చెప్పండి. "బాబూ, ఆ బోను నీడలోకి జరుపు, కాస్త నీళ్ళు పెట్టు" అని. కొనేవాళ్ళం మనమే కదా, మన మాట వింటాడు. నోరు తెరిచిన కోడికి మనం ఇవ్వవలసినవి మూడే. నీడ, నీళ్ళు, గాలి. మొదటి రెండూ మనకు ఎలాగూ గుర్తుంటాయి. మూడోది మరిచిపోకండి.